కట్టించినోళ్లు, కాల్చినోళ్లు

ఆదోనిలో హైస్కూలు చదివే రోజుల్లో మా సోషలు అయ్యవారు షాహీ జామియా మసీదు గురించి చెబుతూ, "దీన్ని సిద్ది మసూద్ ఖాన్ కట్టించినాడు రా" అని, నా వైపు చూసి, "అంటే వీళ్లోళ్లే" అన్నాడు. క్లాసంతా నా వైపు తిరిగింది. ఆ రోజు నాకు గర్వంగానే ఉండింది. ఇంటికి పోయేటప్పుడు కావాలనే మసీదు వీధి గుండా పోయినాను.

1992 డిసెంబరు 6 తర్వాత అదే మాట ఇంకో చోట, ఇంకో గొంతుతో విన్నాను. "మీవోళ్లే కదా ఏలింది, మీవోళ్లే కదా కట్టించింది." ఈసారి గర్వం రాలేదు. ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాను. మావాళ్లంటే ఎవరు? మా అబ్బా పత్తి జిన్నింగులో కూలి. మా తాత జంపఖానాల మగ్గం మీద కూర్చున్నవాడు. ఆదోని జంపఖానాకు ఒకప్పుడు దేశమంతా పేరుండేది కానీ, నేసిన మా తాతకు రెండు జతల బట్టలే ఉండేవి. మా నానీ బీడీలు చుట్టింది. ఈ వరుసలో ఏలినవాడు ఒక్కడూ కనపడలేదు. కోట లేదు, జాగీరు లేదు. పాతకాలం నుంచి మా ఇంటికి వచ్చిన వస్తువు ఒక్కటే. తెల్లటి పింగాణీ పళ్లెం. అంచున సన్నటి నీలిగీత, ఒక పక్క పెచ్చు లేచిపోయింది.

ఆ పళ్లెం మాకెవరిచ్చారు, మా చేతికెట్లా వచ్చింది అని వెతుక్కుంటూ పోతే నాకు దొరికిన చరిత్ర ఇది. దీంట్లో సుల్తానులు వస్తారు, పోతారు. నేను వెతికింది మాత్రం వాళ్లను కాదు.

ముందు మాట సంగతి చూద్దాం. పింగాణి అన్నది ఫారసీ మాట. అక్కడ పింగాన్ అంటే గిన్నె. అదే అరబ్బుల నోట్లో ఫిన్‌జాన్ అయింది. కూజా కూడా ఫారసీదే, కూజాహ్. ఈ రెండు మాటలు లేకుండా తెలుగువాళ్ల వంటిల్లు లేదు. ఊరగాయ పింగాణీ జాడీలో పెట్టే అవ్వ ఎవరూ ఇది పరాయి మాట అనుకోదు. ఎండాకాలం కూజా నీళ్లు తాగేటప్పుడు ఎవరికీ ఇరాన్ గుర్తుకురాదు. ఎన్ని వందల ఏళ్లుంటే ఒక మాట ఊరిది అవుతుందో నాకు తెలీదు గానీ, కూజాను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. మమ్మల్ని మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నారు.

నేను చూసిన మొదటి "ఆర్డరు పని" గోడమీది పలక కాదు, బద్నా. బద్నా అంటే కొమ్మున్న మట్టిచెంబు, నమాజుకు ముందు వజూ చేసుకోడానికి. మా వీధి చివర కుమ్మరి మామ ఉండేవాడు. ఆయన సారె మీద రోజూ చేసేవి కుండలు, మూకుళ్లు, దీపావళికి ప్రమిదలు. బద్నా కావాలంటే పోయి చెప్పి రావాలి. రంజాను ముందు మా నానీ నన్ను వెంటబెట్టుకుని పోయేది.

"కొమ్ము పొడుగ్గా పెట్టు తమ్ముడూ. పోయినసారి నీళ్లు మోచేతి మీద పడకుండా ఒంటి మీద పడె" అనేది.

"మీ చెయ్యి వణికితే నా కొమ్ముదా తప్పు బీబమ్మా" అని నవ్వేవాడాయన. తర్వాత కొమ్ము పొడుగ్గానే పెట్టేవాడు. నానీ అడక్కుండానే మెడ చుట్టూ గోటితో ఒక పూలతీగ గీసేవాడు. ఇంకే కుండకూ ఆ తీగ ఉండేది కాదు. అల్లా పేరు చెప్పుకుని వజూ చేసుకునే చెంబును ఒక కుమ్మరి తన ఆవంలో ఉగాది కుండల పక్కనే పెట్టి కాల్చేవాడు. ఆయనకు అందులో వింత ఏమీ కనపడలేదు. మాకూ కనపడలేదు.

ఇప్పుడు పెద్ద పనికి పోదాం. రంగురంగుల మెరుగు పలకలను ఉర్దూలో కాశీ అంటారు, ఆ పనిని కాశీకారీ అంటారు. ఈ కాశీ గంగ ఒడ్డున ఉన్న కాశీ కాదు, ఇరాన్‌లోని కాషాన్ ఊరు. ఆ ఊరి పేరే పనికి వచ్చింది. ఆదోని జంపఖానా, వెంకటగిరి చీర అన్నట్టు.

కాషాన్‌లో తరతరాలుగా ఈ పని చేసిన కుటుంబంలో పుట్టిన అబుల్ కాసిం 1301లో ఒక పుస్తకం రాశాడు. అందులో తన ఇంటివాళ్ల విద్యను దాచుకోకుండా చెప్పాడు. మెత్తగా దంచిన తెల్ల పలుగురాయి పొడి 10 పాళ్లు, గాజుపొడి 1 పాలు, తెల్లమట్టి 1 పాలు. అంటే అది మన కుమ్మరి మట్టి కాదు, ఎక్కువ భాగం రాయే. దాన్ని పలకగా పరిచి కాల్చి, మీద గాజుపూత పూసి మళ్లీ కాలుస్తారు. ఆ పూతలో కలిపిన లోహాన్ని బట్టి రంగు. కోబాల్టు పడితే ముదురు నీలం. చవుటి ఉప్పు ఎక్కువున్న పూతలో రాగి పడితే నెమలికంఠం రంగు. తగరం పడితే పాలతెలుపు. పూతకు కావలసిన ఆ ఉప్పును అక్కడివాళ్లు ఎడారి మొక్కలు కాల్చిన బూడిదలోంచి తీసేవాళ్లు. మన దక్కనులో గాజుల బట్టీలవాళ్లకు అదే పని చవుడు మట్టి చేసేది. కర్నూలు, బళ్లారి పల్లెల్లో చాకలివాళ్లు బట్టలుతికిన చవుడే.

గోడకు అతికించే పనిలో అన్నిటికంటే కష్టమైంది ముక్కల పని. ఒక్కో రంగు పలకను విడిగా కాల్చి, గీసిన బొమ్మ ప్రకారం ఉలితో చెక్కి, ఆకుకు ఆకు, తీగకు తీగ ముక్కలుగా కోస్తారు. ముక్కలన్నీ బోర్లించి పేర్చి, వెనక గచ్చు పోసి, ఆరాక ఎత్తి గోడకు నిలబెడతారు. బోర్లించి పేర్చేటప్పుడు పనివాడికి రంగు కనపడదు. గోడకెక్కిన తర్వాతే అందరితోపాటు అతనూ చూస్తాడు. ఇట్లాంటి పని సంతలో అమ్మేది కాదు. కట్టే గోడ కొలత, రాయించే వాక్యం, అడిగినవాడి అంతస్తు తెలిసిన తర్వాతే బట్టీ వెలిగిస్తారు. ఒక్కడి కోసం చేసే పని.

కాషాన్ కుమ్మర్లు చాలామంది తమ పని మీద తమ పేరు రాసుకున్నారు. అబూ జైద్ అనీ, ముహమ్మద్ బిన్ అబీ తాహిర్ అనీ ఎనిమిది వందల ఏళ్ల నాటి పేర్లు పలకల మీద, గిన్నెల మీద ఇవాళ్టికీ చదవొచ్చు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ విద్య మన వైపు వచ్చి నిలబడిన గొప్ప చోటు బీదరు. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వ్యాపారిగా వచ్చి, బహమనీల వజీరు అయిన మహమూద్ గవాన్ 1472లో అక్కడ ఒక మదరసా కట్టించాడు. మూడంతస్తుల బడి. ముఖం నిండా నీలం, తెలుపు, పసుపు పలకలు. ఇప్పటికీ నిలబడి ఉన్న మినారు మీద పలకల వరసలు వంకరటింకర మెరుపుల్లాగా చుట్టుకుని పైకెక్కుతాయి. ఆయన కట్టించింది కోట కాదు, బడి, అందులో గ్రంథాలయం. కానీ ఆ దర్బారులో ఒక జగడం ఉండింది. బయటనుంచి వచ్చినవాళ్లు ఆఫాకీలు, ఇక్కడే పాతుకున్నవాళ్లు దక్కనీలు. ఎవడు లోపలివాడు, ఎవడు బయటివాడు అన్న ఆ కొట్లాటలో దొంగ ఉత్తరం ఒకటి పుట్టించి, 1481లో గవాన్ తల తీయించారు. ఆయన నిర్దోషి అని సుల్తానుకు ఆ తర్వాత తెలిసింది. "నువ్వు ఇక్కడివాడివేనా" అన్న ప్రశ్న మనల్ని మనవాళ్లే అడిగిన కాలం కూడా ఉందని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను. ఆ ప్రశ్న ఎవరి నోట్లోంచి వచ్చినా దాని పదును ఒకటే. 1696లో మందుగుండు పేలి మదరసా ముందుభాగం చాలా కూలిపోయింది. రాలిన పలకలు రాలగా మిగిలినవే మనం చూసేది.

బీదరు తర్వాత హైదరాబాదు. చార్మినారు కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1590లలోనే బాద్‌షాహీ అషూర్‌ఖానా మొదలుపెట్టించాడు. గోడల మీద పలకల పని 1611 దాకా సాగింది. లోపలికి పోయి చూడండి. గోడల నిండా నిలువెత్తు పీర్లు. నీలం, పసుపు, తెలుపు, ఆకుపచ్చ ముక్కలతో పేర్చిన పీర్లు, వాటి లోపల ఆకుల్లాగా మడిచిన అరబ్బీ రాత. నేర్పు ఇరాన్ నుంచి వచ్చింది. కానీ ఆ ఆకారాన్ని గుర్తుపట్టడానికి అరబ్బీ రాక్కర్లేదు. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఏ పల్లె మనిషిని తీసుకుపోయి అక్కడ నిలబెట్టినా, "పీరు సామి" అని చెప్పులు విడుస్తాడు. మా వైపు పీర్లపండగకు పీరును ఎత్తుకునేవాడు, గుండం చుట్టూ ఎగిరేవాడు సాయిబే కానక్కర్లేదు. చాలా ఊళ్లలో సాయిబుల ఇళ్లు రెండో మూడో ఉంటాయి, మిగతా జనమంతా రెడ్లు, బోయలు, కురవలు, మాదిగలు. పలకల మీది పీరు రాజుగారి ఆర్డరే గానీ, ఆ పీరును బతికించింది ఈ జనం.

1687లో ఔరంగజేబు సేనలు గోల్కొండను పట్టుకున్నాక అషూర్‌ఖానా బండ్లు నిలిపే కొట్టం అయింది. పలకల ముందు ఎడ్లను కట్టేశారు. మళ్లీ దానికి దీపం పెట్టించింది నిజాం అలీ ఖాన్. ఆ తర్వాత 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు నీళ్లు లోపలికి వచ్చి గోడల కింది భాగం పలకలు పాడయ్యాయి. బాగుచేద్దామంటే ఆ పని తెలిసినవాళ్లు లేరు. పలకలు పోయిన చోట గచ్చు పూసి, పలకల్లాగా కనపడేట్టు రంగు వేశారు. ఇవాళ పైన ఉన్నది అసలు, కింద చాలాచోట్ల ఉన్నది బొమ్మ.

మూడు వందల ఏళ్లలో ఆ విద్య ఎట్లా పోయింది? నాకు తోచింది ఇది. ఆ పలకలు ఒక్కడి కోసం చేసినవి. ఆ ఒక్కడు కూలితే బట్టీ చల్లారుతుంది. పలుగురాయి దంచేవాడు, రంగు కలిపేవాడు, ముక్కలు కోసేవాడు, ఇంతమంది బతుకూ దర్బారు మీదే ఆధారపడింది. వీధి జనానికి ఆ పలక అక్కర్లేదు, వాళ్లు కొనలేరు. గోల్కొండ ఆఖరి సుల్తాను అబుల్ హసన్ తానాషాను, మన రామదాసు కథలోని తానీషానే, పట్టుకుపోయి దౌలతాబాదు కోటలో ఒక మహలులో పెట్టారు. బతికినన్నాళ్లూ అక్కడే. ఆ మహలు పేరు చీనీ మహల్. గోడలకు చీనీ పలకలు ఉండబట్టి ఆ పేరు. ఒకప్పుడు సుల్తానుల కోసం చేసిన పలకల నడుమ ఒక సుల్తాను ఖైదీగా చచ్చిపోయాడు. దక్కను కాశీకారీ కథకు ఇంతకంటే ముగింపు ఏం కావాలి?

మా ఆదోని సంగతి దీని మరుసటి ఏడే. సిద్ది మసూద్ ఖాన్ ఆఫ్రికా సంతతివాడు. హబ్షీ. బిజాపూరు రాజ్యాన్నే నడిపి, అక్కడి కుట్రలతో విసిగి 1680లలో ఆదోనికి వచ్చేశాడు. 1688లో మొగలులు కోటను చుట్టుముట్టారు. వాళ్ల ఫిరంగులను మసీదు వైపు తిప్పితే, ప్రాణం కంటే ఎక్కువగా చూసుకున్న మసీదు కూలుతుందని కోటనే అప్పగించాడని మా ఊళ్లో కథ. ఆ ఫిరంగుల వెనక ఉన్నవాళ్లూ నమాజు చేసేవాళ్లే. రాజ్యం కోసం వచ్చినవాడికి అన్ని గుళ్లూ అన్ని మసీదులూ ఒకటేనని మా ఊరి కథ చెబుతుంది. ఇది చెప్పుకునేటప్పుడు మా పెద్దలు మసూద్ ఖాన్‌ను మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను. కానీ ఆ మసీదు రాళ్లు మోసినవాళ్లెవరు, గచ్చు నూరినవాళ్లెవరు, కమానుల మీద పువ్వులు తీర్చిన చెయ్యి ఎవరిది? మా సోషలు అయ్యవారు "వీళ్లోళ్లే" అన్నప్పుడు ఆయన వేలు కట్టించినవాడి వైపు చూపించింది. కాస్త పక్కకు జరిగి ఉంటే సరిపోయేది. రాయి మోసినవాడి దగ్గర ఆగి ఉంటే, క్లాసులో నా ఒక్కడి వైపు కాదు, అందరూ ఒకరి వైపు ఒకరు చూసుకోవలసి వచ్చేది.

ఆదోని తర్వాత మొగలులది, నిజాం తమ్ముడు బసాలత్ జంగ్‌ది, 1786లో టిప్పు సుల్తానుది, 1800లో కుంఫిణీది అయింది. బళ్లారి జిల్లాలో ఉండి, 1953లో ఆంధ్ర రాష్ట్రంతో పాటు కర్నూలు జిల్లాలోకి వచ్చింది. ఇన్ని జెండాలు మారినా కుమ్మరి మామ వంశం సారె ఆగలేదు. ఎందుకంటే ఆయనకు ఆర్డరు ఇచ్చేది దర్బారు కాదు, మా నానీ. రాజు కోసం కాల్చిన పలక రాజుతో పోయింది. వీధి కోసం కాల్చిన బద్నా వీధితో బతికింది. దాన్ని ఆపింది ఏ యుద్ధమూ కాదు, ప్లాస్టిక్ చెంబు.

ఆదోనికి దగ్గరలోనే ఉన్న ఎమ్మిగనూరు ఇంకో పాఠం చెబుతుంది. అక్కడ 1938లో మాచాని సోమప్ప ముందుండి నేతగాళ్ల సహకార సంఘం పెట్టించాడు. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. షావుకారు దగ్గర నూలు అప్పు తెచ్చుకుని, నేసింది మళ్లీ ఆ షావుకారుకే ఇచ్చే బతుకునుంచి నేతగాళ్లు సంఘంగా నిలబడ్డారు. వాళ్ల దుప్పట్లకు, తువ్వాళ్లకు ఎమ్మిగనూరు పేరే గుర్తయింది. మిల్లులు, మరమగ్గాల ముందు ఆ వెలుగు తర్వాత తగ్గింది, అది వేరే కథ. కానీ కొనేవాడి పేరు కాకుండా చేసేవాళ్ల ఊరిపేరు బట్టమీద నిలిచిన కాలం ఒకటి మా కళ్లముందే ఉంది. కాశీకారీ పనివాళ్లకు దక్కనులో అట్లాంటి సంఘం లేకపోయింది. ఉంటే 1908లో రంగుపూత వేయాల్సి వచ్చేదా?

ఇప్పుడు ఆదోనిలో, ఎమ్మిగనూరులో కొత్త ఇళ్ల వీధుల్లో తిరగండి. ప్రతి గుమ్మం మీదా పలక ఉంది. ఒక ఇంటికి వెంకటేశ్వరస్వామి, పక్క ఇంటికి కాబా, దాని పక్క ఇంటికి ఏసుప్రభువు. కొన్నిటికి 786, మాషా అల్లా. ఇంటివాడు ఫోటో ఇస్తే అదే పలక మీద అచ్చువేసి ఇస్తారు. పలకలు చాలావరకు గుజరాత్‌లోని మోర్బీ ఫ్యాక్టరీలవి. మా కుర్రవాళ్లు వాటిని కోసి అతికించే కూలీలు. ముహమ్మద్ కులీకి ఒక్కడికే దక్కిన ముచ్చట ఇవాళ కూలివాడి గుమ్మానికీ దక్కింది. దాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ ఆ పలకను అడిగినవాడికీ చేసినవాడికీ మధ్య "కొమ్ము పొడుగ్గా పెట్టు తమ్ముడూ" అన్న మాట లేదు.

చెయ్యి మళ్లీ రాదా అంటే, వస్తుంది. ఢిల్లీలో హుమాయూన్ సమాధి బాగుచేసేటప్పుడు ఆగాఖాన్ ట్రస్టువాళ్లు ఉజ్బెకిస్తాన్ నుంచి పనివాళ్లను పిలిపించి, పక్కనే ఉన్న నిజాముద్దీన్ బస్తీ కుర్రవాళ్లకు పలకలు చేయడం నేర్పించారు. ఆ బస్తీ పేద ముస్లింల బస్తీ. 2013 నుంచి అదే ట్రస్టు గోల్కొండ దగ్గర కుతుబ్ షాహీ సమాధులనూ బాగుచేసింది. నాకు సమాధులు నిగనిగలాడటం కంటే, బస్తీ పిల్లవాడి చేతికి నీలం అంటుకోవడమే పెద్ద సంగతిగా అనిపించింది.

ఇక మా పింగాణీ పళ్లెం. చైనా కుమ్మర్లు ముస్లిం ఖాతాదారుల కోసం అరబ్బీ రాతతో పళ్లేలు చేసిన కాలం ఉంది. 1505 నుంచి 1521 దాకా ఏలిన జెంగ్‌డే చక్రవర్తి కాలపువి మ్యూజియాల్లో ఉన్నాయి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో విషం పడితే పగులుతాయని నవాబులు నమ్మిన ఆకుపచ్చ ఘోరీ పళ్లేలు చూడొచ్చు. మా పళ్లెం అట్లాంటిది కాదు. సంతలో కొన్నది. దానిమీద రాతే లేదు.

కానీ మా వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా నానీ ఆ పళ్లెం బయటికి తీసేది. మసీదు హజ్రత్ కుంకుమపువ్వు నీళ్లతో దానిమీద ఆయతు రాసేవాడు. ఆ జ్వరానికి, ఆ మనిషికి, ఆ పూటకు రాసిన రాత. ఆరాక నీళ్లు పోసి కడిగి ఆ నీళ్లు తాగించేవాళ్లు. కుమ్మరి మామ మనవడికి కూడా ఒకసారి రాయించారు. వాడు తాగి మూతి తుడుచుకుని, "తియ్యగా లేదే" అన్నాడు. జ్వరం తగ్గింది దానివల్లేనని నేననను. ఆ పిల్లవాడికి డాక్టరు మందు కూడా ఇచ్చారు. నేను చెప్పేది పళ్లెం గురించి. ఎన్నిసార్లు రాశారో, ఎన్నిసార్లు కడిగారో, ఒక్క అక్షరమూ దానిమీద మిగల్లేదు. తాగినవాళ్లు మాత్రం మిగిలారు.

ఇప్పుడు ఎవరైనా "మీవాళ్లు కట్టించిందే కదా" అంటే నేను కాదనను, అవుననను. మావాళ్లు రాయి మోసినారు, గచ్చు నూరినారు, జంపఖానా నేసినారు, బద్నాకు కొమ్ము పొడుగ్గా పెట్టమని అడిగినారు అంటాను. ఆ కొమ్ము పెట్టినాయన కుమ్మరి మామ. ఆయనా మావాడే.

పళ్లెం ఇంకా ఇంట్లో ఉంది. పెచ్చు లేచిన చోట మట్టి కనపడుతుంది.